ఏడో గుంటలోని చిమ్మట

ఆర్డిస్ క్వామీ తనకొచ్చిన ఉత్తరాల్ని పోస్టాఫీసు కౌంటర్ దగ్గరే విప్పేది. ఇంటిదాకా తీసుకెళితే దారిలో ఏమవుతుందో ఎవరు చెప్పగలరు? ముందు కవరును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకునేది. అంటించిన అంచును గోటితో తడిమి, ఎవరైనా ఆవిరి పట్టి విప్పారేమో అన్నట్టు నా వంక ఒక చూపు చూసేది. కెట్లర్స్ ఫెర్రీ పోస్టాఫీసులో ఇరవై రెండేళ్ళు ఆ కౌంటర్ వెనక ఉన్న పోస్టుమిస్ట్రెస్‌ను నేనే. ఆ చూపు నాకు చలికాలంలాగా అలవాటైపోయింది. బాధ ఉండేది కాదు, కోటు వేసుకుంటే సరిపోయేది.

ఆ నవంబరు ఉదయం విస్కాన్సిన్ నది మీద మంచు ఇంకా లేవలేదు. అవతలి గట్టు ఎవరో చెరిపేసిన గీతలా ఉంది. ఆర్డిస్ చేతిలోని ఉత్తరం మ్యూజియం నుంచి వచ్చింది. రాసింది డాక్టర్ హెస్టర్ ఓర్మ్. ఈ దేశంలోని బుల్లి చిమ్మటల్ని, దీపం చుట్టూ నలుసుల్లా తిరిగే రెక్కల పురుగుల్ని, పేరుపెట్టి పిలవగల పదిమందిలో ఆవిడొకరట. ఆర్డిస్ ఒకసారి పెదవులు కదుపుతూ చదువుకుంది. తను సరిగా చదివిందో లేదో నమ్మకం కలగక, రెండోసారి నాకు వినబడేలా చదివింది.

"మీరు పంపిన ఏడో నంబరు గాజు పలకను చూశాను, వేరే పెట్టెలో తిప్పి పంపుతున్నాను. ఈ జాతి తొంభై ఏళ్ళ కిందట కాన్సస్‌లో రెండుసార్లు దొరికింది. ఆ తర్వాత ఎవరికీ ఎక్కడా కనబడలేదు. మీ చీటీ మీద మాత్రం విస్కాన్సిన్, జ్విక్కీ ఇసుక మైదానం, జూన్ పద్నాలుగు అని ఉంది. ఆ రెండు చోట్ల మధ్య ఐదువందల మైళ్ళు. చీటీ నిజమైనదేనా అన్నది తేలేదాకా మీరు ఇస్తామన్న చిమ్మటల సొరుగుల గురించి మేము ఏ మాటా ఇవ్వలేము."

ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుంది.

"ముప్పై ఎనిమిది సొరుగులు, వెర్నెల్," అంది. "పంతొమ్మిదేళ్ళు."

మ్యూజియం తీసుకోకపోతే వాటి గతేమిటో ఇద్దరికీ తెలుసు. ఆర్డిస్‌కు డెబ్బై ఒకటి. వెనక ఎవరూ లేరు. ఆమె తర్వాత ఆ ఇంటిని వేలం వేసేవాళ్ళు సొరుగుల్ని మేకులు దాచుకోవడానికి అమ్ముతారు. చిమ్మటల్ని ముందు ఊదేస్తారు. ఒక్క చీటీ అబద్ధమని తేలితే చాలు, మిగతా మూడువేల చీటీలూ అబద్ధాలేనని అనుకోవాల్సి వస్తుంది. ఆ రంగంలో రివాజు అది. ఒక్క చుక్క నీలం పడ్డ పాలను ఎవరూ తాగరు కదా.

*

అనుమానించడం ఆర్డిస్‌కు జీతమిచ్చిన పని. నది దిగువన ఉండే కోడిపిల్లల కేంద్రంలో ఆమె ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసింది. రోజు నిండని పిల్లను ఎడమచేత్తో ఎత్తి, బొటనవేలితో తోక కింద నొక్కి, దీపం వెలుగులో ఆవగింజంత బుడిపె ఉందో లేదో చూడాలి. ఉంటే పుంజు, లేకపోతే పెట్ట. గంటకు తొమ్మిదివందల పిల్లలు. పసుపు రంగు బంతుల్లా ఆమె చేతుల్లోంచి రెండు పెట్టెల్లోకి దొర్లిపోయేవి. నూటికి రెండు కంటే ఎక్కువ తప్పులు ఆమె చేతిలో ఎప్పుడూ రాలేదు. "ఇది కచ్చితంగా పెట్టే అని నీకు అనిపించిందనుకో, అప్పుడే రెండోసారి చూడాలి" అని కొత్తవాళ్ళకు చెప్పేది. ఆ మాట ఆమె ఒంటికే పట్టేసింది. కసాయి కొట్టు తూకాన్ని నమ్మేది కాదు. చర్చి పెద్ద లెక్కను నమ్మేది కాదు. వయసులో ఉండగా ఇద్దరు పెళ్ళాడతామని వచ్చారట. ఎందుకని అడిగిందట ఇద్దర్నీ. సరైన జవాబు రాలేదట.

కేంద్రం మూతపడిన ఏడు డెల్మార్ జ్విక్కీ ఆమె వంటింటి తలుపు తట్టాడు. డెల్మార్ పాలలారీ నడిపేవాడు. తెల్లవారకముందే పశువుల కొట్టాల ముందు బండి ఆపేవాడు. కొట్టం దీపాల కింద సున్నపు గోడల మీద రాత్రి మిగిల్చిన చిమ్మటలు అంటుకుని ఉండేవి. మిగతా డ్రైవర్లు సిగరెట్టు కాల్చుకునే ఐదు నిమిషాల్లో అతను వాటిని జాం సీసాల్లోకి దింపేవాడు. పెద్దవాటి పేర్లు పుస్తకాల్లో దొరికేవి. చిన్నవి దొరికేవి కావు. రెక్కలు మూసుకుంటే బియ్యపు గింజలో సగం ఉండేవి. అన్నీ బూడిద రంగే. పెన్సిల్ చెక్కితే రాలే పొడికి ప్రాణం వచ్చినట్టుండేవి. వాటిని బయటినుంచి చూసి చెప్పగల మొనగాడు భూమ్మీద లేడు. ఆ పొట్ట విరిచి, రాత్రంతా పొటాష్ నీళ్ళలో నానబెట్టి, మాంసం కరిగాక మిగిలే గట్టి భాగాల్ని గాజు మీద పరిచి చూడాలి. మగదాని కొక్కెం వంపులో, ఆడదాని సంచీ ముడతలో ఉంటుంది దాని పేరు.

"నీ వేళ్ళకి ఇంకేం పని మిగిలింది ఇప్పుడు?" అన్నాడట డెల్మార్, సీసా బల్ల మీద పెట్టి.

"ఇందులో నీకేంటి లాభం?" అందట ఆర్డిస్.

అలా మొదలైంది. అతను పట్టేవాడు, సూది గుచ్చేవాడు, చీటీ రాసేవాడు. ఆమె కోసేది. నీటిరంగులు కలుపుకునే తెల్ల పింగాణీ పలక ఒకటి ఉండేది. రెండు వరసలు, వరసకు ఆరు గుంటలు. గుంటకొక పొట్ట చొప్పున పన్నెండు పొట్టలు ఒకేసారి నానేవి. ఆ పన్నెండింటి విడతనూ వాళ్ళు ఒక పలక అనేవారు. గుంటలకు అంకెలు లేవు. ఆమెకు ఎడమవైపు, దూరంగా ఉన్నది ఒకటి. కుడివైపు, దగ్గరగా ఉన్నది పన్నెండు. కోసేముందు చీటీ చదివేది కాదు. ఎక్కడ దొరికిందో తెలిస్తే కన్ను ఆ ఊరి పురుగునే చూస్తుందని ఆమె భయం. పంతొమ్మిదేళ్ళు ఆ భోజనాల బల్ల మీద ఎవరూ భోంచేయలేదు.

ఊరు ఊరుకుంటుందా? పెళ్ళికాని ఆడమనిషి ఇంటికి పెళ్ళాం పోయిన మగవాడు వారానికి నాలుగుసార్లు వెళ్ళి, పురుగుల కోసమంటే నమ్ముతారా? నమ్మలేదు. వాళ్ళిద్దరూ ఆ మాట విన్నారో లేదో నాకు తెలియదు. విని ఉంటే ఆర్డిస్ ముందు తననే అనుమానించుకుని ఉంటుంది.

*

ఉత్తరం వచ్చిన మర్నాడు ఆమె మళ్ళీ కౌంటర్ దగ్గరికొచ్చింది. స్టాంపులు అడగలేదు.

"జూన్‌లో డెల్మార్ కాన్సస్ వెళ్ళాడు కదా, మేనకోడలి పెళ్ళికి. ఎప్పుడు వెళ్ళాడు, ఎప్పుడొచ్చాడు?"

"నాకేం గుర్తుంటుంది?"

"గుర్తుండక్కర్లేదు. తన ఉత్తరాలు ఆపమని నీకు కార్డు రాసిచ్చి ఉంటాడు."

రాసిచ్చాడు. అలాంటి కార్డు మూడో మనిషికి చూపించకూడదు. నేను చూపించలేదు. సొరుగు తెరిచి, చదివి, మూసేశాను. కానీ ఆమె ముందు అబద్ధమాడటం నావల్ల అయ్యే పని కాదు. ఆ కళ్ళు కోడిపిల్లల తోక కిందే నిజం వెతికిన కళ్ళు.

"తొమ్మిదినుంచి పదహారు దాకా," అన్నాను.

"చీటీ మీద పద్నాలుగు."

"అవునా?"

"పద్నాలుగో తారీఖున కాన్సస్‌లో ఉన్న మనిషి ఇక్కడ తన ఇంటి వెనక ఇసుక మైదానంలో చిమ్మటను ఎలా పట్టాడు, వెర్నెల్?"

నేను సొరుగుకు తాళం వేశాను. బయట పోస్టు జెండా తాడు స్తంభానికి తట్టుకుంటున్న చప్పుడు వినబడింది. ఒక మనిషి మీద ఉన్న నమ్మకం ఎండుటాకులాంటిది. తొడిమ దగ్గర ఊడటం మొదలయ్యాక గాలితో పని లేదు.

*

శుక్రవారం సాయంత్రం ఊరంతా బార్‌లో ఉంటుంది. చేపల వేపుడు, రై రొట్టె, క్యాబేజీ తురుము, బ్రాందీ. డెల్మార్ కిటికీ పక్క బల్ల దగ్గర ఉన్నాడు. ఆర్డిస్ కోటు కూడా విప్పకుండా వచ్చి అతని ముందు నిలబడింది.

"డెల్మార్, జూన్ పద్నాలుగున నువ్వెక్కడున్నావు?"

"ముందు కూర్చో తల్లీ. చేప చల్లారితే అట్టముక్క తిన్నట్టుంటుంది."

"ఎక్కడున్నావని అడిగాను."

"ఏంటి, షెరీఫ్ నీకేమైనా బిళ్ళ ఇచ్చాడా?" పక్క బల్లల వాళ్ళు నవ్వారు. డెల్మారూ నవ్వాడు. ఆమె నవ్వకపోవడం చూసి మానేశాడు. "ఇంట్లో ఉన్నా. ఎందుకు?"

"ఉత్తరాలు పదహారు దాకా ఆపమని రాసిచ్చావుగా."

డెల్మార్ తల తిప్పి గది అవతల ఉన్న నన్ను చూశాడు. కోపంతో చూసి ఉంటే బాగుండేది. ఇంతకాలం మూసి ఉందనుకున్న కిటికీ తెరిచే ఉందని ఇప్పుడే తెలుసుకున్నవాడిలా చూశాడు.

"పదమూడునే వచ్చేశా," అన్నాడు మెల్లగా. "మా బావతో మాటా మాటా వచ్చింది. ఎవరి మొహమూ చూడబుద్ధి కాలేదు. తలుపేసుకుని పడుకున్నా. ఉత్తరాల సంగతి ఎవడికి గుర్తు?"

"నిన్ను చూసినవాళ్ళున్నారా?"

"చిమ్మటలు చూశాయి."

మళ్ళీ నవ్వులు.

"కాన్సస్‌లో కూడా పట్టావా?"

"పట్టా. పెళ్ళివారి వాకిట్లో దీపం కింద నాలుగు దొరికాయి. వాటి మీద కాన్సస్ అనే రాశాను. కళ్ళజోడు పెట్టుకుని చూసుకో."

"నీకు రాయాలనిపించిన వాటి మీద రాశావు."

డెల్మార్ ఫోర్కును పళ్ళెం అంచున ఆనించి పెట్టాడు. "అంటే?"

"అంటే, తొంభై ఏళ్ళుగా ఎవరికీ దొరకని పురుగు కాన్సస్‌లోనే దొరికితే గొప్పేముంది? నీ పెరట్లో దొరికితే నీ పేరు పుస్తకాల్లోకి ఎక్కుతుంది."

బార్‌లో వేపుడు మూకుడు ఒక్కటే మాట్లాడుతోంది.

"పంతొమ్మిదేళ్ళు నేను తెచ్చిన ప్రతి పురుగునీ కోశావు ఆర్డిస్," అన్నాడు డెల్మార్. "ఇవ్వాళ నా వంతొచ్చిందా?"

"కోసి చూస్తేగానీ ఏదీ తెలీదు."

అతను టోపీ పెట్టుకుని లేచాడు. తలుపు దగ్గర ఆగి, "నీకు లోకంలో రెండే రకాలు. పుంజు, పెట్ట. మనిషనేది ఏ పెట్టెలోకీ పోదు, అదే నీ బాధ," అని వెళ్ళిపోయాడు. పళ్ళెంలో చేప సగం మిగిలిపోయింది.

ఆ తర్వాత డెల్మార్ నా కిటికీ దగ్గరికి వస్తే నాణేలు పెట్టి స్టాంపులు తీసుకుని వెళ్ళేవాడు. ఒకసారి మాత్రం, "ఇంకేమేం చెప్పావమ్మాయ్ ఆవిడకి? నాకు కరెంటు బిల్లు ఎంతొస్తుందో కూడా చెప్పావా?" అన్నాడు. తప్పయిందన్నాను. విననట్టు వెళ్ళిపోయాడు.

ఆర్డిస్ ఊరుకోలేదు. పెట్రోలు బంకు వాణ్ణి అడిగింది, జూన్ పదమూడున డెల్మార్ ట్రక్కు చూశావా అని. నిన్న ఏం తిన్నానో గుర్తులేదన్నాడు వాడు. ఇసుక మైదానం పక్కింటావిణ్ణి అడిగింది. ఆవిడ తలుపు సందులోంచే మాట్లాడి పంపించేసింది. నవంబరంతా ఆర్డిస్ అలా ఊరు తిరిగింది. ఆమె నడిచిన వీధుల్లో తెరలు కదిలేవి. అనుమానం పొగలాంటిది, ఎవరింట్లో రాజుకున్నా అందరి బట్టలకూ వాసన పడుతుంది. కసాయి తన పెళ్ళాన్ని, చర్చి పెద్ద కసాయిని, నేను నన్ను వేరే కళ్ళతో చూడటం మొదలుపెట్టాం.

*

డిసెంబరు మొదట్లో ఒక మధ్యాహ్నం నాకు కబురు పంపింది. "సాక్షి కావాలి. పోస్టాఫీసు మూశాక రా."

వెళ్ళాను. భోజనాల బల్ల మీద ఏడో నంబరున్న పలక తాలూకు పన్నెండు చిమ్మటలూ వరసగా సూదుల మీద నిలబడి ఉన్నాయి. వెనక పన్నెండు గాజు పలకలు. మైక్రోస్కోపు దీపం వెలుగుతోంది. కిటికీ బయట మంచు పడాలా వద్దా అని ఆలోచిస్తోంది.

"చూడు. మూడు నుంచి ఆరు దాకా కాన్సస్. ఏడు నుంచి ఇక్కడివి. ఆరుదీ ఏడుదీ చీటీలు అటూ ఇటూ మార్చేశాడు. అంతే."

"ఎలా తెలుసు మీకు?"

"తెలీదు. ఇప్పుడు తెలుస్తుంది. చీటీ పీకి వేరే సూదికి గుచ్చితే కాగితంలో రెండు కన్నాలుంటాయి."

ఏడో నంబరును వెల్లకిలా తిప్పి అద్దం కింద పెట్టింది. చీటీని అడుగు నుంచి చూసింది. చాలాసేపు చూసింది. నన్ను కూడా చూడమంది. ఒక్కటే కన్నం. చుట్టూ కాగితపు పీచు చెక్కుచెదరలేదు. ఆరో దాన్నీ తిప్పింది. దానికీ ఒక్కటే.

"తెలివైనవాడు," అని గొణిగింది. కానీ గొంతులో బిగువు తగ్గింది.

ఏడో దాన్ని మళ్ళీ అద్దం కిందికి లాగింది. ఈసారి ఆమె వేళ్ళు ఆగిపోయాయి. ఊపిరి కూడా ఆపిందేమో, రెక్క మీది పొడి కదలడం మానేసింది.

"వెర్నెల్, ఇటు రా. ముందు రెక్క, వెనక రెక్క కలిసే చోట చూడు. వెంట్రుకలున్నాయి కదా, ఎన్ని?"

చిమ్మట ఎగిరేటప్పుడు రెండు రెక్కలూ విడిపోకుండా పట్టి ఉంచే వెంట్రుక అది. నాకు వెండి దారపు పోగుల్లా కనబడ్డాయి.

"మూడు."

"సరిగ్గా చూడు."

"మూడే."

"మగదానికి ఒక్కటే ఉంటుంది, బిరుసుగా. మూడుంటే ఆడది." ఆమె గాజు పలకను దీపానికి ఎత్తి పట్టుకుంది. "ఇందులో ఉన్నది మగదాని కొక్కెం."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఆడ చిమ్మటకు మగ పొట్ట. ఒక ఒంట్లో రెండు ఒళ్ళు.

ఆరోదాన్ని చూసింది. రెక్క మగది, గాజు మీద ఆడది. ఒకటిని, పన్నెండును చూసింది. రెండును, పదకొండును చూసింది. ప్రతి చిమ్మట పొట్టా పలకలో ఎదురు మూలనున్న దాని నంబరు మీదికి వెళ్ళిపోయింది. ఆమె రెండు చేతులూ బల్ల మీద బోర్లా పెట్టి కూర్చుంది. ఇరవై ఎనిమిదేళ్ళు కోడిపిల్లల్లో ఆడామగా విడదీసిన చేతులు.

"ఈ పన్నెండింటినీ నానబెట్టింది ఆగస్టులో. అప్పుడు నేనెక్కడ కూర్చునేదాన్ని?" అంది చివరికి.

"ఎప్పుడూ అటువైపే కదా, కిటికీకి ఎదురుగా. ఆగస్టులో ఇటు మారారు." ఆ రోజు నాకు గుర్తుంది. ఆమె డబ్బాలోంచి రెండు సన్న సూదులు పోయాయని నాకు ఫోన్ చేసి చెప్పింది. డెల్మార్ వంటింటి తలుపులోంచి తన వెనకగా వస్తున్నాడని, ఇకమీదట ఆ తలుపుకు ఎదురుగా కూర్చుంటానని అంది.

"సాయంత్రం అటు కూర్చుని నానబెట్టాను," అంది ఆర్డిస్. "పొద్దున్న ఇటు కూర్చుని తీశాను. పలక ఉన్నచోటే ఉంది. నేనే తిరిగాను."

మంచు పడటం మొదలైంది. చప్పుడు లేకుండా, ఎవర్నీ తప్పుపట్టకుండా, పడుతూనే ఉంది.

అంటే తొంభై ఏళ్ళ తర్వాత దొరికిన ఆ చిమ్మట ఆరో నంబరు. డెల్మార్ దాన్ని కాన్సస్‌లోనే పట్టాడు, కాన్సస్ అనే రాశాడు. అబద్ధం చీటీలో లేదు, గుంటలో ఉంది.

"ఇప్పుడేం చేస్తారు?"

"ఈ పన్నెండు గాజుల అంకెలు మార్చి అంటిస్తే చాలు. డెల్మార్ పొరపాటున చీటీ తప్పు రాశాడని ఓర్మ్‌కి ఒక ముక్క రాస్తే సరి. ఆవిడ సొరుగులు తీసుకుంటుంది. ఎవరికీ తెలీదు."

"నేనున్నాగా."

"నువ్వు ఉత్తరాల కార్డు సంగతే దాచలేకపోయావు. అదీ నిజమే." చాలాకాలానికి ఆమె మొహంలో నవ్వులాంటిది కదిలింది, వెంటనే ఆరిపోయింది. "నిజం రాస్తే ఇంకోటి అడుగుతుంది ఓర్మ్. ఒక పలక తిరగబడితే మిగతా రెండువందల అరవై పలకల మాటేంటి అని. నేనే అయితే అదే అడుగుతాను."

రెండు రోజులు ఆమె తలుపు తీయలేదు. మూడోరోజు పోస్టాఫీసుకు వచ్చి ఉత్తరం నా చేతిలో పెట్టింది. అంటించకుండానే. చదవమంది. అందులో తిరిగిన పలక కథ ఉన్నదున్నట్టు ఉంది. పన్నెండు అంకెలూ ఉన్నాయి. చివర ఒక వాక్యం: "చీటీలు రాసిన మనిషి తప్పేమీ లేదు. కోసిన మనిషి మీద అనుమానపడండి. మిగతా పలకలన్నీ మళ్ళీ చూసి లెక్క పంపుతాను."

"మూడువేల చిల్లర ఉన్నాయి," అన్నాను. "ఒక్కరే ఎలా చూస్తారు?"

"ఒక్కదాన్నే చూస్తే ఎవరు నమ్ముతారు? నేనే నమ్మను."

*

డెల్మార్ గ్యారేజీలో ఉన్నాడు. లారీ నడపడం మానేశాక పాత గడ్డికోత యంత్రాలు బాగుచేసేవాడు. ఆర్డిస్ ఒక్కతే వెళ్ళడానికి ఇష్టపడలేదు, నన్ను తీసుకెళ్ళింది. నాకూ ఒక క్షమాపణ బాకీ ఉంది.

అతను లేవలేదు. "ఏంటి, పెట్రోలు బంకు వాడు నామీద ఏమైనా చెప్పాడా?"

"ఏం చెప్పలేదు."

"పోనీ నేనే చెప్తాను, రాసుకో. పదమూడున పొద్దున పదింటికి వచ్చా. చారు తాగా. పడుకున్నా."

"డెల్మార్, తప్పు నాది." ఆమె సంచిలోంచి పింగాణీ పలక తీసి పనిబల్ల మీద పెట్టింది. తను దాని ఇవతల నిలబడింది. తర్వాత నడిచి అవతలికి వెళ్ళి నిలబడింది.

డెల్మార్ పలకను చూశాడు, ఆమెను చూశాడు. చేతికి అంటిన గ్రీజును గుడ్డతో తుడుచుకున్నాడు.

"ఇందులో మెలికేంటి?"

"మెలికేమీ లేదు."

"నీ దగ్గర మెలిక లేకుండా ఉండదే. ఆ ఉత్తరంలో నా పేరు ఏమని రాశావు?"

నేను చదివానని, తప్పు అతనిది కాదని రాసి ఉందని చెప్పాను.

"నువ్వు చెప్తే నమ్మాలా అమ్మాయ్?" అన్నాడు. ఆ మాట పడాల్సిందే, పడ్డాను. తప్పయిందని మళ్ళీ చెప్పాను. ఈసారి విన్నాడు. "సరే, ఇప్పుడేం కావాలి మీకు?"

"రెక్కలు నువ్వు చూడు," అంది ఆర్డిస్. "గాజులు నేను చూస్తాను. నీ లెక్క నాకు తెలీకూడదు, నా లెక్క నీకు తెలీకూడదు."

"నన్ను నమ్మవన్నమాట ఇంకా."

"నిన్ను నమ్మితే ఈ లెక్కకి విలువ లేదు."

డెల్మార్ గుడ్డను బల్ల మీద పడేశాడు. పెదవి చివర ఏదో కదిలింది. "నేను కూడా నిన్ను నమ్మను, ముందే చెప్తున్నా."

"నమ్మొద్దు," అంది ఆర్డిస్. ఆ గొంతులో అంత మెత్తదనం నేను అంతకుముందు వినలేదు.

*

ఆ చలికాలం నది గడ్డకట్టింది. డెల్మార్ తన వంటింట్లో చిమ్మటల రెక్కలు చూసేవాడు, ఆర్డిస్ తన భోజనాల బల్ల దగ్గర గాజులు చూసేది. సొరుగులు మంచుబండి మీద దుప్పట్లు కప్పుకుని వీధి దాటేవి. రోజుకు రెండు మూడు పలకలు. ఎవరి కాగితం వారు కవర్లో పెట్టి అంటించి, మూత మీద అడ్డంగా సంతకం చేసి నా దగ్గరికి తెచ్చేవారు. మొదటి రోజు డెల్మార్ ఆ సంతకం చూసి నవ్వాడు. రెండోరోజు నుంచి తనూ చేశాడు. సాయంత్రం కిటికీ మూసేముందు ఇద్దరూ కౌంటర్‌కు చెరోవైపు నిలబడేవారు. నేను రెండు కవర్లూ విప్పి చదివేదాన్ని.

"నూట పద్నాలుగో పలక. ఒకటి?"

డెల్మార్ కాగితంలో మగ. ఆర్డిస్ కాగితంలో మగ. రెండు: ఆడ, ఆడ. మూడు: మగ, మగ. కలిసినప్పుడు ఎవరూ మాట్లాడేవారు కాదు. కలవనప్పుడు ఇద్దరూ ఒక్కసారే ఎదుటివారి మొహం చూసుకునేవారు. రాజీ పడేవారు కాదు, మర్నాడు ఆ పలక మళ్ళీ మొదటినుంచీ చూసేవారు. ఉత్తరాల కోసం వచ్చినవాళ్ళు గోడకు ఆనుకుని వినేవారు. ఆడ, మగ, మగ, ఆడ. బయట చీకటి పడుతుండగా ఆ మాటలు ఏదో కొత్త ప్రార్థనలా ఉండేవి. వాళ్ళిద్దరూ నిజంగా పురుగుల పనే చేసేవారని ఊరు నమ్మింది అప్పుడే అనుకుంటాను. కొంతమంది నిరాశపడ్డారు కూడా.

మార్చి మధ్యకు లెక్క తేలింది. మూడు పలకలు తిరగబడ్డాయి. నాలుగు పలకల్లో పన్నెండుకు పన్నెండూ మగవే కాబట్టి తిరిగాయో లేదో ఎవరూ ఎప్పటికీ చెప్పలేరు. మిగతావన్నీ సరిగా ఉన్నాయి. ఆర్డిస్ ఆ నాలుగింటిని తప్పుల్లోనే వేయమంది. డెల్మార్ ఒప్పుల్లో వేయమన్నాడు. ఇద్దరూ అరుచుకున్నారు. చివరికి "తెలియదు" అని రాసి పంపారు. ఆ మాట రాయడానికి ఆర్డిస్‌కు అరగంట పట్టింది.

ఓర్మ్ జవాబు మొదటిదానికంటే చిన్నది. "వ్యాను ఏప్రిల్ పన్నెండున వస్తుంది. అన్ని సొరుగులూ పంపండి. మీ లెక్క నకలు ఏడు పలకలకూ జతచేస్తాం. ఆరో నంబరు దొరికిన కాన్సస్ వాకిలి చిరునామా కావాలి. ఈ జూన్‌లో నేనే వెళ్ళి చూస్తాను."

ఆర్డిస్ నాలుగుసార్లు చదివింది, ఎక్కడైనా మోసం ఉందేమోనని. లేదు.

"అంటే ఇప్పుడు నేను మా బావకి ఫోన్ చెయ్యాలా?" అన్నాడు డెల్మార్, మొహం మాడ్చుకుని.

చేశాడు. నా ముందే, పోస్టాఫీసు ఫోన్‌లోంచి. మాట్లాడింది చాలా తక్కువ. చిరునామా మాత్రం అక్షరం అక్షరం చెప్పించుకుని రాసుకున్నాడు. పెట్టేసేముందు, "అక్కెలా ఉంది?" అని అడిగాడు.

*

ఏప్రిల్ పన్నెండున మంచు కరిగి రోడ్లన్నీ అద్దాల్లా ఉన్నాయి. వ్యాను వచ్చింది. ముప్పై ఎనిమిది సొరుగుల్నీ మెత్తటి కాగితంలో చుట్టి, ఒక్కొక్కటే మోసి, తాళ్ళతో బిగించి కట్టారు. ఆర్డిస్ వ్యాను వెనక తలుపు రెండుసార్లు తెరిచి మూసింది. వెనక చక్రం మీద కాలు పెట్టి ఊగి చూసింది. డ్రైవర్ లైసెన్సు చూపించమంది. అతను నవ్వుతూ చూపించాడు. ఫోటోనూ మొహాన్నీ పోల్చుకుని వెనక్కిచ్చింది.

"ఎంత వేగంతో పోతావు?"

"అరవై, అరవై ఐదు."

"మూడువందల మైళ్ళా?"

"అవునండీ."

ఆమె ఇంట్లోకి వెళ్ళింది. కోటు వేసుకుని, చేతిసంచితో బయటికొచ్చి, ముందు తలుపు తెరిచి అతని పక్కసీట్లో కూర్చుంది. డ్రైవర్ నా వంక చూశాడు. నేను భుజాలెగరేశాను.

"ఆర్డిస్, రేపు వెనక్కి ఎలా వస్తావు?" అని అరిచాడు డెల్మార్ వాకిట్లోంచి.

"బస్సులో."

"బస్సు డ్రైవర్ని నమ్ముతావా నువ్వు?"

ఆమె అద్దం పైకెత్తింది. డెల్మార్ నేలకేసి తల ఊపుతూ, ఎవరినో తిడుతున్నట్టు గొణుక్కుంటూ, తన పాత ట్రక్కు ఎక్కాడు.

రెండు బళ్ళూ నది వైపు తిరిగాయి. నేను పోస్టాఫీసు మెట్ల మీద నిలబడి చూశాను. వంతెన మీద వ్యాను ఒక పడవలా, నీళ్ళ మీది తెల్లటి ఎండలోంచి, పదిహేను మైళ్ళ వేగం దాటకుండా పోతోంది. వెనక ఏడెనిమిది కార్లు వరసగా ఆగి ఆగి కదులుతున్నాయి. అందులో మొదటిది డెల్మార్ ట్రక్కు. వెనకున్న వాళ్ళందరూ హారన్ కొడుతున్నారు. అతను మాత్రం కొట్టడం లేదు.